మెమరీ బయో

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో టీఎల్‌ఎస్ సంభాషణను సాకెట్‌కు బదులు మెమరీ బఫర్ల మీదుగా నడిపించే సాధనం. సాధారణంగా రెండు బఫర్లు వాడతారు. నెట్‌వర్క్ నుంచి వచ్చిన గుప్త బైట్లను ప్రోగ్రామ్ ఒకదానిలో వేస్తుంది. లైబ్రరీ తయారుచేసిన గుప్త బైట్లను ప్రోగ్రామే రెండో దానిలోంచి తీసి పంపుతుంది. లైబ్రరీ నెట్‌వర్క్‌ను తాకదు కనుక, విండోస్‌లోని ఐఓసీపీ వంటి అసమకాలిక పద్ధతులకు ఇది చక్కగా సరిపోతుంది.

అసలు చిక్కు సంభాషణ మొదట్లో జరిగే హ్యాండ్‌షేక్ దగ్గరే. ఇన్‌పుట్ బఫర్ ఖాళీ అయితే లైబ్రరీ ‘ఇంకా చదవాలి’ అని సంకేతమిస్తుంది. అప్పుడు కొత్త బైట్ల కోసం చూసే ముందు అవుట్‌పుట్ బఫర్‌లో ఉన్నదంతా తప్పక పంపాలి. లేకుంటే రెండు పక్షాలూ ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఆగిపోతాయి. మామూలుగా డేటా చదువుతున్నప్పుడు కూడా పంపవలసిన బైట్లు పుట్టవచ్చు. చాలామంది మరిచే విషయం ఇది.

జావా 5 (2004)లోని ఎస్‌ఎస్‌ఎల్‌ఇంజిన్, పైథాన్ 3.5 (2015)లోని మెమరీబయో ఇదే పద్ధతివి.