నేతాజీ మరణం: సమాధానం కోరిన జనం

1945 ఆగస్టు 23న జపాను వార్తాసంస్థ ఒక విషాద వార్తను వెల్లడించింది. ఆ నెల 18న ఫార్మోజా ద్వీపంలోని తైహొకులో విమానం కూలిందనీ, తీవ్రంగా కాలిన గాయాలతో ఆ రాత్రే సుభాష్ చంద్రబోస్ సైనిక వైద్యశాలలో కన్నుమూశారనీ ఆ వార్త సారాంశం. యుద్ధంలో ఓడిన దేశం నుండి వెలువడిన ఈ కబురును భారతదేశంలో అసంఖ్యాక ప్రజలు విశ్వసించలేదు. ఆ అవిశ్వాసం దశాబ్దాలు గడిచినా చల్లారలేదు. దానిని కేవలం వీరారాధనగా భావించి తోసిపుచ్చడం చరిత్రకు న్యాయం చేయడం కాదు.

సందేహానికి పూర్వానుభవం ఉంది. 1941 జనవరిలో కలకత్తాలోని స్వగృహంలో పోలీసు నిఘా నడుమ ఉన్న బోస్ మారువేషంలో తప్పించుకొని, కాబూల్ మీదుగా బెర్లిన్ చేరారు. 1942 మార్చిలో ఆయన విమాన ప్రమాదంలో మరణించారని విదేశీ వార్తాసంస్థలు ప్రకటించగా, గాంధీజీ ఆయన మాతృమూర్తికి సంతాప సందేశం పంపారు. ఆ వార్త అబద్ధమని అనతికాలంలోనే తేలింది. ఒకసారి తప్పిన వార్త రెండవసారి వచ్చినప్పుడు జనం అనుమానించడం సహజమే. 1946 ఆరంభంలో గాంధీజీ సైతం బోస్ జీవించి ఉన్నారన్న విశ్వాసాన్ని వెలిబుచ్చారు. అయితే కొద్ది కాలానికే, ఆ మాటను విడిచిపెట్టవలసిందిగా ఆయనే ప్రజలను కోరారు.

రెండవ కారణం అనుబంధం. ఆజాద్ హింద్ ఫౌజు ఒక్క యుద్ధఖైదీలతోనే ఏర్పడలేదు. మలయా, బర్మాలకు బతుకుతెరువుకై వెళ్లిన తోటల కూలీలు, చిరువ్యాపారులు అందులో చేరారు. వారిలో తమిళులు అధికులు, తెలుగువారూ ఉన్నారు. విరాళాలు ఇచ్చిన స్త్రీలు ఒంటిమీది నగలను సైతం సమర్పించారు. 1945 నవంబరులో ఎర్రకోటలో ఫౌజు అధికారులపై విచారణ మొదలైనప్పుడు దేశం అట్టుడికిపోయింది. నాయకుని కోసం సర్వస్వం ఒడ్డినవారికి ఆయన అంతిమ ఘడియలను గురించి అడిగే హక్కు ఉందన్న భావన ఇక్కడే పుట్టింది.

మూడవది, మన సమాజంలో మరణానికి ఉన్న మర్యాద. కడచూపు, దహనం, అస్థి నిమజ్జనం అనే క్రమం గడిస్తేనే దుఃఖం ఒక దరికి చేరుతుంది. నేతాజీ విషయంలో పార్థివదేహాన్ని స్వదేశీయులు చూడలేదు. ఆయనవని చెప్పబడే చితాభస్మం టోకియోలోని రెంకోజీ ఆలయంలో ఉండిపోయింది. ప్రమాదంలో ఆయన వెంట ఉన్న భారతీయుడు కల్నల్ హబీబుర్ రహమాన్ ఒక్కరే. ఒకే స్వదేశీ సాక్షి మాటపై ఇంతటి మరణాన్ని అంగీకరించడం జనానికి కష్టమైంది.

స్వాతంత్ర్యానంతరం ఈ అపేక్ష పార్లమెంటుకు, న్యాయస్థానాలకు చేరింది. 1956లో ప్రభుత్వం త్రిసభ్య సంఘాన్ని నియమించింది. దానికి అధ్యక్షుడు, ఎర్రకోట విచారణలో ముద్దాయిగా నిలిచిన షానవాజ్ ఖాన్. విమాన ప్రమాదంలోనే మరణం సంభవించిందని సంఘం నిర్ణయించగా, సభ్యులలో ఒకరైన బోస్ అన్నగారు సురేశ్ చంద్రబోస్ విభేదించారు. 1970లో ఏర్పడిన జి.డి. ఖోస్లా సంఘం 1974లో సమర్పించిన నివేదికలో మొదటి నిర్ణయాన్నే బలపరచింది. 1998లో కలకత్తా హైకోర్టు ఆదేశించిన మీదట, 1999లో జస్టిస్ ముఖర్జీ సంఘం ఏర్పడింది. నేతాజీ మరణించారుగాని విమాన ప్రమాదంలో కాదని, రెంకోజీలోని భస్మం ఆయనది కాదని 2005లో అది నివేదించింది. 2006లో ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని అంగీకరించలేదు. 1945 ఆగస్టు 18నే ఆయన మరణించారని 2017లో హోంశాఖ సమాచార హక్కు చట్టం కింద తెలిపింది.

1992లో ప్రకటించిన భారతరత్న ఉదంతం ప్రజల మనోభావాన్ని స్పష్టంగా చూపింది. "మరణానంతరం" అన్న ఒక్క పదంపై అభ్యంతరంతో వ్యాజ్యం నడిచింది. పురస్కారం ప్రదానం కాకపోవడంతో, 1997లో సుప్రీంకోర్టు ఆ ప్రకటన రద్దయినట్లే భావించాలని పేర్కొంది. అత్యున్నత గౌరవం సైతం ప్రశ్నకు సమాధానం కాజాలదని తేలిపోయింది.

ఈ కాలమంతా ప్రభుత్వ దస్త్రాలు అనేకం మూసి ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చిన పిమ్మట కూడా బోస్ కుటుంబీకులపై నిఘా సాగినట్లు 2015లో వెలుగుచూసింది. ఆ సంవత్సరం పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 64 దస్త్రాలను, 2016 జనవరి 23న కేంద్రం 100 దస్త్రాలను బహిరంగపరచాయి. జనం ఊహించిన మహారహస్యమేదీ వాటిలో బయల్పడలేదు. దాచదగినది అంతగా లేనిచోట ఇన్నేళ్ల గోప్యత దేనికన్న ప్రశ్న మాత్రం మిగిలింది. దస్త్రం మూసి ఉన్నంతకాలం వదంతియే దాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. ఫైజాబాదులో 1985లో మరణించిన అజ్ఞాత సాధువును నేతాజీగా విశ్వసించినవారి కథ ఆ శూన్యంలో పెరిగినదే.

ప్రజల సందేహం వల్ల అన్యాయం జరగలేదని చెప్పలేము. హబీబుర్ రహమాన్ 1956లో పాకిస్తాన్ నుండి వచ్చి సాక్ష్యమిచ్చారు. అయినా ఆయన మాటను శంకించినవారు ఉన్నారు. లభ్యమైన సాక్ష్యాలలో అధికభాగం తైహొకు ప్రమాదాన్నే సమర్థిస్తున్నది. చరిత్ర విద్యార్థి దానిని విస్మరించరాదు. అయితే సాక్ష్యం ఎంత బలమైనదైనా, ప్రజల కంటపడనంతవరకు అది వారికి సాక్ష్యం కాదు.

ప్రముఖుని మరణం విషయంలో సామాన్యుడు కోరే న్యాయం ఎవరినో శిక్షించమని కాదు. నేతాజీ ఉదంతంలో దోషి ఎవరో కూడా నిర్దిష్టంగా లేరు. ఏమి జరిగిందో, ఎందుకలా నిర్ణయించారో తనకు లిఖితపూర్వకంగా, సకారణంగా చెప్పమన్నదే అతని కోరిక. తన జీవితంలోని చిన్న ఫిర్యాదులకు సమాధానం దొరకని మనిషి, తన నాయకుని పేరిట ఆ సమాధానాన్ని అడుగుతాడు. అడిగిన తొలినాడే దస్త్రాన్ని అతని ముందుంచి ఉంటే, మూడు విచారణ సంఘాల శ్రమలో చాలాభాగం తప్పి ఉండేది.