సూరత్ పంతుళ్ల ప్రశ్నలు

సూరత్‌లో చదువు చెప్పేవారు ఊరి పెద్దలను బాహాటంగా నిలదీయడం అక్కడ విశ్వవిద్యాలయం రావడానికి నూరేళ్లకు పైగా ముందే మొదలైంది. 1844 జూన్ 22న సర్కారు బడి పంతులు దుర్గారాం మెహతాజీ, అదే ఊళ్లో ఇంగ్లిషు బడిలో పనిచేస్తున్న మరాఠీ వ్యాకరణవేత్త దాదోబా పాండురంగ్, మరికొందరు మిత్రులు కలిసి మానవ ధర్మ సభను స్థాపించారు. ఆదివారాలు సభ జరిగేది. ఎవరైనా వచ్చి వినవచ్చు, ఎదురు వాదించవచ్చు. కులభేదాలు, వితంతువుల దుస్థితి, మంత్రతంత్రాలు చర్చకు వచ్చేవి. మంత్రశక్తి ఉందనేవాళ్లు దాన్ని నలుగురి ముందు చూపించాలని దుర్గారాం సవాలు చేసేవాడు. సభ ముచ్చట్లను ఆయనే రాసిపెట్టుకున్నాడు. మహీపత్‌రాం నీలకంఠ్ 1879లో ప్రచురించిన దుర్గారాం జీవితచరిత్రకు ఆ రాతలే ఆధారం.

సభను నడిపినవాళ్లు జీతగాళ్లు. 1846లో దాదోబా బొంబాయి వెళ్లిపోవడంతో సభ చిక్కిపోయింది. 1852లో దుర్గారాం రాజ్‌కోట్ వెళ్లాక ఆగిపోయింది. దాన్ని ఎవరూ నిషేధించనక్కర్లేకపోయింది.

సూరత్‌లోనే 1833లో పుట్టిన కవి నర్మద్, కొలువుకు కట్టుబడి ఉండే ఈ చిక్కును తెగతెంపులతో దాటాడు. తాపీ నదికి అవతల రాందేర్ బడిలోనూ, ఆ తర్వాత బొంబాయిలోనూ పంతులుగా పనిచేసి, 1858 నవంబరు 23న ఉద్యోగం వదిలేసి కలాన్నే నమ్ముకున్నాడు. 1860లో వితంతు వివాహంపై సూరత్ వైష్ణవ గురువు జదునాథ్‌జీ మహారాజ్‌తో బహిరంగ వాదానికి దిగాడు. 1864లో ‘దాండియో’ పత్రిక మొదలుపెట్టి సంఘాన్నీ ప్రభుత్వాన్నీ విమర్శించాడు. పంతులుగా ఉంటూ 1874లో ‘వివేకవర్ధని’ పెట్టిన వీరేశలింగం తెలుగువారికి ఇక్కడ గుర్తుకు రాక మానడు. నర్మద్ మాత్రం తన మాటకు నిండా మూల్యం చెల్లించాడు. ఇరవై నాలుగేళ్లు ఇబ్బందులు పడి, చివరికి 1882లో మళ్లీ కొలువులో చేరక తప్పలేదు.

ఉద్యోగం పోగొట్టుకోకుండా విమర్శించే వీలు చట్టం వల్లనే రావాలి. సూరత్ కళాశాలలు మొదట బొంబాయి విశ్వవిద్యాలయం కిందా, 1949 తర్వాత గుజరాత్ విశ్వవిద్యాలయం కిందా ఉండేవి. 1965 చట్టంతో దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2004లో దానికి నర్మద్ పేరు చేర్చారు. పాత పద్ధతిలో సెనేట్, సిండికేట్ అనే పాలక సభలు ఉండేవి. వాటిలోకి అధ్యాపకులు ఓట్లతో ఎన్నికై వచ్చేవారు. బడ్జెట్ మీద, వార్షిక నివేదిక మీద వైస్ ఛాన్సలర్ ఎదుటే అడిగే హక్కు సభ్యత్వంతో పాటే దక్కేది. సరిగ్గా ఆ కాలంలోనే (1964–66) విద్యారంగంపై వేసిన కొఠారీ కమిషన్, మనస్సాక్షికి విరుద్ధమైనది బోధించమని ఏ అధ్యాపకుణ్ణీ ఆదేశించరాదని తేల్చి చెప్పింది.

ప్రభుత్వాలకు విశ్వవిద్యాలయాల ఈ స్వతంత్రత రుచించలేదు. హైదరాబాదులో ఉస్మానియా వైస్ ఛాన్సలర్ డి.ఎస్. రెడ్డిని తొంభై రోజుల్లో మార్చేందుకు 1966లో ఏకంగా విశ్వవిద్యాలయ చట్టాన్నే సవరించారు. ఒక్క మనిషిని గురిపెట్టిన ఆ సెక్షన్ సమానత్వ హక్కుకు విరుద్ధమని 1967లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

అందరికీ ఒకేలా వర్తించే చట్టానికి ఆ అభ్యంతరం అడ్డురాదు. 2023 సెప్టెంబరులో గుజరాత్ శాసనసభ ఆమోదించిన పబ్లిక్ యూనివర్సిటీల చట్టం, సూరత్‌తో సహా పదకొండు విశ్వవిద్యాలయాలను ఒకే గొడుగు కిందికి తెచ్చింది. పరిపాలన సాఫీగా సాగాలన్నది ప్రభుత్వ వాదన. స్వయంప్రతిపత్తి పోతుందని ప్రతిపక్షమూ, అధ్యాపకుల్లో చాలామందీ అన్నారు. వారి భయం ఉత్తది కాదు. సెనేట్, సిండికేట్ రద్దయి బోర్డ్ ఆఫ్ మేనేజ్‌మెంట్ వచ్చింది. సహోద్యోగుల ఓట్లతో గెలిచి పాలకులను ప్రశ్నించే ఆ పాత సెనేట్ కుర్చీ సూరత్ అధ్యాపకుడికి ఇప్పుడు లేదు.