వినాంప్ ఆరంభ చిహ్నాలు

వినాంప్ అనునది విండోస్ కంప్యూటర్లలో ఎంపీ3 పాటలు వినుటకు నల్‌సాఫ్ట్ అను అమెరికా సంస్థ 1997లో విడుదల చేసిన సాఫ్ట్‌వేరు. జస్టిన్ ఫ్రాంకెల్, డిమిట్రీ బోల్డిరెవ్ దీని రూపకర్తలు. ఈ ప్లేయరు తెరచుకొనునపుడు కనిపించే మెరుపు బొమ్మ, మొట్టమొదట వినిపించే లామా నినాదము దీని ఆరంభ చిహ్నాలుగా ప్రసిద్ధి చెందినవి. సంస్థ చేతులు మారినా ఇవి మాత్రము దానిని వీడలేదు.

మెరుపు చిహ్నము

ఆనాటి కంప్యూటర్లలో ప్రోగ్రాము తెరచుకొనుటకు కొంత సమయము పట్టేది. పని మొదలైనదని వాడుకరికి తెలుపుటకు తెరపై కొద్ది క్షణాలు ఒక చిత్రము కనిపించేది. అక్కరలేనివారు దీనిని అమరికలలో ఆపివేయవచ్చును. ప్రధాన కిటికీ పరిమాణము కేవలము 275×116 పిక్సెళ్ళు. అంత చిన్న కిటికీలో కూడ కుడివైపు దిగువ మూల ఒక మెరుపు గుర్తు ఉండేది. దానిని నొక్కిన సాఫ్ట్‌వేరు వివరాలు తెరచుకొనేవి. ‘స్కిన్’ అను తొడుగులతో ప్లేయరు రూపమును వాడుకరులే మార్చుకొనగలిగేవారు. రూపము ఇన్ని విధాల మారే ప్రోగ్రామునకు స్థిరమైన గుర్తు ఒకటి అవసరమే.

లామా నినాదము

వినాంప్‌తో పాటు కొద్ది సెకన్ల డెమో ఎంపీ3 ఫైలు కూడ వచ్చేది. పాటలేవీ లేని కంప్యూటరులో సైతము స్పీకర్లు, ప్లేయరు సరిగా పనిచేయుచున్నవో లేదో దీనితో తెలిసిపోయేది. వినాంప్ లామాను చావగొట్టునని జేజే మెక్‌కే అను వ్యాఖ్యాత గంభీరముగా ప్రకటించగా, వెంటనే లామా అరుపు వినిపించేది. (నినాదములోని చివరి మాట సభ్యమైనది కాదు, కనుక యథాతథముగా ఇవ్వలేదు.) లామా దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతములో బరువులు మోయుటకు పెంచే, ఒంటె కుటుంబపు జంతువు. పాటల ప్లేయరుతో దానికి సంబంధమేమియు లేదు. చికాగో గాయకుడు వెస్లీ విల్లిస్ (1963–2003) పాటలోని మాట ఈ నినాదమునకు మూలము.

తరువాతి చరిత్ర

1999లో నల్‌సాఫ్ట్‌ను ఏఓఎల్ సంస్థ కొనుగోలు చేసినది. 2002లో వచ్చిన వినాంప్ 3 బరువుగా, నెమ్మదిగా ఉన్నదని చాలామంది పాత 2వ సంచికనే వాడిరి. ఆ రెండింటిని కలిపి 2003 డిసెంబరులో 5వ సంచికను తెచ్చిరి. 2+3=5 అని దాని లెక్క! 2013 డిసెంబరు 20 నుండి డౌనులోడ్లు నిలిపివేయుదుమని ఏఓఎల్ అదే సంవత్సరము నవంబరులో ప్రకటించినది. 2014 జనవరిలో బెల్జియమునకు చెందిన రేడియోనమీ వినాంప్‌ను తీసుకొనినది. రేడియోనమీ మాతృసంస్థ ఆడియోవ్యాలీ అనంతర కాలములో తన పేరును లామా గ్రూప్‌గా మార్చుకొనినది.