పద్దుకెక్కని బాకీ



ఏటా డిసెంబరు 17న పెన్షనర్ల దినం జరుపుకుంటున్నాము. పెద్దలు నకారా కేసు తీర్పును గుర్తుచేస్తారు, ఎనభై దాటినవారికి శాలువలు కప్పుతారు, భోజనాలవుతాయి. ఈ ప్రత్యేక సంచికకు నన్ను కూడా ఆ తీర్పు మీదనే వ్రాయమన్నారు. తీర్పుల గురించి వ్రాయడానికి నాకంటే చదువుకున్నవారున్నారు. నేను 1973లో ట్రెజరీ శాఖలో ఎల్.డి.సి.గా చేరి 35 ఏళ్ళు బిల్లులు, పద్దులు చూసినవాణ్ణి. అందుచేత మన పెన్షను ఏ పుస్తకంలో, ఏ పేరుతో వ్రాయబడుతున్నదో, ఎప్పుడెప్పుడు అది బాకీగా లెక్కకు వచ్చిందో వ్రాస్తాను. లెక్కల సంగతి గదా అని పుట తిప్పేయకండి. మన పిల్లలకు పెన్షను ఉన్నదా లేదా అన్నది చివరికి ఈ పుస్తకాల దగ్గరే తేలింది.

నేను చేరిన తొలినాళ్ళలో పెన్షను పద్దు నెంబరు 266. 1987లో నాలుగంకెల పద్దులు వచ్చాక అది 2071 అయినది. నేటికీ అదే. పేరు 'పెన్షన్లు, ఇతర పదవీ విరమణ ప్రయోజనాలు'. ఇది ఖర్చు పద్దు. ఈ నెల ఎంత చెల్లించామో అంతే అందులో పడుతుంది. ముప్పై ఏళ్ళు పనిచేసిన తాలూకా గుమాస్తాకు రేపటి నుంచి పెన్షను ఇవ్వాలన్న బాధ్యత ఆ పుస్తకంలో ఎక్కడా కనపడదు.

అదే గుమాస్తా జి.పి.ఎఫ్. చూడండి. అది 8009 పద్దు. ఆ డబ్బు ఉద్యోగిది, సర్కారు దగ్గర ఉంచాడు, కాబట్టి రాష్ట్రం అప్పుల్లో దాన్ని చూపుతారు. ఒకే మనిషి, ఒకే సర్వీసు రిజిస్టరు. అతడు జీతంలోంచి దాచుకున్నది అప్పు, జీతం బదులుగా తర్వాత ఇస్తామన్నది అప్పు కాదు. చేరిన కొత్తలో ఈ సంగతి మా సూపరింటెండెంటును అడిగితే, "నువ్వు పద్దు నెంబరు తప్పు వెయ్యకుండా చూసుకో నాయనా" అన్నారు. ఆయన మాట నిజమే, అప్పటికి నా పని అంతే.

మన అనంతపురం వాళ్ళకు దీన్ని నీళ్ళ భాషలో చెబితే సులువు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప అనుకునే సీమ మనది. వంకలో నీరు పారినప్పుడు కడవ ముంచుకోవడం ఒక పద్ధతి. చెరువు కట్టి నిలవ చేసుకోవడం ఇంకొక పద్ధతి. విజయనగర ప్రభువుల కాలంలో మన ఊరి పక్కన బుక్కరాయసముద్రం చెరువు కట్టినవాళ్ళకు రెండో పద్ధతి తెలుసు. ప్రభుత్వ పెన్షను వంక నీళ్ళ పద్ధతి: ఈ ఏటి పన్నులు, ఈ ఏటి పెన్షన్లు. కంపెనీలది చెరువు పద్ధతి కావాలని చట్టాలు, లెక్కల నియమాలు కోరతాయి. అయితే చెరువుకు కూడా పూడిక పడుతుంది, కట్ట తెగుతుంది. అది ముందు ముందు చెబుతాను.

అసలు పెన్షను బాకీయేనా అన్న ప్రశ్న పాతది. తెల్లదొరల కాలం నాటి 1871 పెన్షన్ల చట్టం ప్రకారం పెన్షను కోసం సివిలు కోర్టుకు వెళ్ళాలంటే కలెక్టరు గారి సర్టిఫికెట్టు ఉండాలి. అంటే అది దయ, హక్కు కాదు. వందేళ్ళ తర్వాత, 1971లో, దేవకీనందన్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు పెన్షను ఉద్యోగి ఆస్తి అన్నది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారిని వేరుచేసి కొత్త లెక్కలోని లాభం తప్పించడం చెల్లదన్నది. న్యాయస్థానంలో ఆస్తి అయినది. ట్రెజరీ పుస్తకంలో మాత్రం ఖర్చుగానే మిగిలినది.

ఇందువల్ల వచ్చే చిక్కు 1983లో మేము కౌంటరులో కూర్చొని చూశాము. రాష్ట్ర ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. ఒక్కసారిగా ఎంతోమంది ఇళ్ళకు వెళ్ళారు. జీతాల పద్దు దిగింది, పెన్షను పద్దు లేచింది. గ్రాట్యుటీలు, కమ్యుటేషన్లు ఒకేసారి వచ్చిపడ్డాయి. తర్వాత మళ్ళీ 58 చేశారు, 2014లో 60, 2022లో 62. ప్రతిసారీ జరిగింది ఒక పద్దు నుంచి ఇంకొక పద్దుకు జరపడమో, ఈ ఏటి చెల్లింపును వాయిదా వేయడమో. బాకీ మొత్తం పెరిగిందా తరిగిందా అన్నది పుస్తకం చెప్పదు, ఎందుకంటే బాకీ అందులో లేదు.

మరి ఎప్పుడు కనపడుతుంది? పంపకాలప్పుడు. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు ఇంటి అప్పులన్నీ అరుగు మీదికి వచ్చినట్లు, రాజ్యం చీలినప్పుడల్లా పెన్షను బాకీ బయటపడింది. 1948 జూలైలో మన దేశం, ఇక్కడ పనిచేసి వెళ్ళిన ఇంగ్లీషు ఉద్యోగుల పెన్షన్ల నిమిత్తం, లండనులో మనకు రావలసిన స్టెర్లింగు నిలవల్లోంచి 14 కోట్ల 75 లక్షల పౌండ్లు బ్రిటిషు ప్రభుత్వానికి ఒక్కమొత్తంగా ఇచ్చివేసింది. దాని బదులు ఏటేటా తగ్గుతూ వచ్చే చెల్లింపులు మనకు తిరిగి వస్తాయి, వాటితో పెన్షన్లు గడుస్తాయి. అంటే ఎందరు, ఎన్నేళ్ళు బతుకుతారో అంచనా కట్టి ఆ మొత్తం తేల్చారన్న మాట. ఆ తర్వాత 1953లో మద్రాసు నుంచి మనం విడిపోయినప్పుడు, 1956 పునర్విభజనలో, 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు కూడా పెన్షన్ల భారం పంచవలసి వచ్చింది. 2014 చట్టంలో ఎనిమిదవ షెడ్యూలు అంతా అదే.

వీటన్నిటికంటే మనకు దగ్గరిది, కంపెనీ లెక్కల తీరును మన రాష్ట్రానికి బాగా చూపించినది, కరెంటు బోర్డు చీలిక. 1959లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు ఉద్యోగులకు మనలాగే పెన్షను ఉండేది. 1998 విద్యుత్ సంస్కరణల చట్టం కింద 1999 ఫిబ్రవరి 1న బోర్డు రెండు కంపెనీలయింది. ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కో. 2000 ఏప్రిల్ నుంచి పంపిణీ కంపెనీలు నాలుగు వేరయ్యాయి. మన జిల్లా హైదరాబాదులోని సెంట్రలు కంపెనీ కిందికి వెళ్ళింది, 2014 తర్వాతనే తిరుపతి కంపెనీకి వచ్చింది.

బోర్డు ఆస్తులు పంచడం సులువు. ఫలానా సబ్‌స్టేషను నీది, ఫలానా ప్రాజెక్టు నాది. పాతికేళ్ళు స్తంభాలెక్కిన లైన్‌మన్‌కు రేపు ఇవ్వవలసిన పెన్షను ఎవరిది? బోర్డు అన్నాళ్ళు ఏ ఏటిదా ఏడు చెల్లించుకుంటూ వచ్చింది. కంపెనీ అయినాక ఆ మాట చెల్లదు. ఆస్తి అప్పుల పట్టీ వ్రాయాలి. అప్పుడు తొలిసారి యాక్చువరీ చేత లెక్క కట్టించారు. 1999 జనవరి 31 నాటికి రిటైరైనవారికి, అప్పటిదాకా పనిచేసినవారి ఆనాటి వరకు సర్వీసుకు, ఇవ్వవలసిన పెన్షను, గ్రాట్యుటీల నేటి విలువ నాలుగు వేల కోట్ల పైచిలుకు తేలింది. అంతవరకు ఏ పుస్తకంలోనూ బాకీగా నిలవని మొత్తం అది. చేతిలో అంత రొక్కం లేదు గనుక ఆ బాకీని జెన్‌కో పేర వేసి, ఒక ట్రస్టు పెట్టి, దానికి బాండ్లు వ్రాసి ఇచ్చారు. చెరువు త్రవ్వారు గాని నీళ్ళకు బదులు నీళ్ళు పోస్తామన్న కాగితం పోశారు. నేను ఎగతాళికి అనడం లేదు. కాగితమైనా వ్రాసి ఇచ్చారు, దాని మీద వడ్డీ నడుస్తున్నది, పెన్షన్లు అందుతున్నాయి.

ఆ వడ్డీ ఎక్కడిది? విద్యుత్ నియంత్రణ మండలి ఏటా కరెంటు ధరలు తేల్చేటప్పుడు జెన్‌కో ఖర్చుల్లో పెన్షను బాండ్ల వడ్డీని కూడా ఒప్పుకుంటుంది. 'అదనపు వడ్డీ' అని ఇంకొక పద్దు ఉన్నది. వాస్తవంగా చెల్లించిన పెన్షన్లు బాండ్ల లెక్కను మించినప్పుడు ఆ తేడా అందులో వస్తుంది. అంటే మన ఇంటి కరెంటు బిల్లులో, రాత్రి గాలివానలో మన వీధి ఫ్యూజు వేసిన ముసలి లైన్‌మన్ పెన్షను తాలూకు కొన్ని పైసలు కూడా ఉన్నాయి. నాకు అందులో అభ్యంతరం లేదు.

యాక్చువరీ లెక్క ఎట్లా ఉంటుందో మనకు కొత్త కాదు. మనమందరం కమ్యుటేషను తీసుకున్నాము గదా! పెన్షనులో కొంత భాగం వదులుకుంటే ఒక్కమొత్తం ఇస్తారు, దానికొక పట్టిక ఉంటుంది. కంపెనీ పెన్షను బాకీ కట్టడం కూడా ఆ గణితమే. 60 ఏళ్ళకు రిటైరైన కేంద్ర ఉద్యోగికి పాత పట్టికలో అంకె 9.81. నెలకు వెయ్యి రూపాయలు వదులుకుంటే 12తో, 9.81తో హెచ్చవేయగా 1,17,720 రూపాయలు వచ్చేది. 2008లో ఆరవ వేతన సంఘం తర్వాత ఆ అంకె 8.194 చేశారు. అదే వెయ్యికి 98,328 రూపాయలు. 19,392 రూపాయలు తగ్గింది. ఈ మధ్యకాలంలో మనుషుల ఆయుష్షు పెరిగింది గదా, పెరిగితే అంకె పెరగాలి గదా అని చాలామంది అడిగారు. పాత పట్టిక వడ్డీ రేటు 4.75 శాతం, కొత్తది 8 శాతం. వడ్డీ ఎక్కువ వస్తుందని అనుకుంటే రేపటి రూపాయికి ఇవాళ పెట్టవలసింది తగ్గుతుంది. ఆయుష్షు పెంచినదాన్ని వడ్డీ మింగేసింది.

కంపెనీల బాకీ కూడా ఈ ఒక్క అంకె మీద ఊగుతుంది. వడ్డీ రేటు కొంచెం ఎక్కువ పట్టుకుంటే బాకీ చిన్నదై లాభం పెద్దది కనపడుతుంది. జీతాలు, డి.ఏ. తక్కువ పెరుగుతాయనుకున్నా అంతే. అందుకనే లెక్కల సంస్థలు నియమాలు పెట్టాయి. మన దేశంలో చార్టర్డు అకౌంటెంట్ల సంస్థ 15వ అకౌంటింగు ప్రమాణం 1995 నుంచి తప్పనిసరి చేసింది, 2005లో దాన్ని కఠినతరం చేసింది. పెద్ద కంపెనీలకు 2016 నుంచి అంతర్జాతీయ పద్ధతి వచ్చింది. సారాంశం ఏమంటే, ఉద్యోగి పనిచేసిన ఏడాదే ఆ ఏటి పెన్షను ఖర్చు వ్రాయాలి. పాత బాకీ మీద వడ్డీ వ్రాయాలి. ఫండులో ఉన్నదెంత, ఉండవలసినదెంత, ఆ తేడా పట్టీలో చూపాలి. ఏ వడ్డీ రేటు పట్టుకున్నారో కింద వ్రాయాలి.

ఇంతవరకు చెప్పినది మంచి. బాకీ కనపడింది, కనపడ్డ బాకీని ఊరికే ఎగవేయలేరు. కాని కనపడ్డ బాకీకి ఇంకొక గతి కూడా పట్టింది. దాన్ని చూసినవారు, ఇకమీదట ఇట్లాంటి బాకీయే చేయకూడదనుకున్నారు. కరెంటు కంపెనీలలో 1999 ఫిబ్రవరి 1 తర్వాత చేరినవారికి పెన్షను లేదు, ఇ.పి.ఎఫ్. మాత్రమే. ప్రభుత్వ ఉద్యోగులకు కూడా 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవారికి పాత పెన్షను పోయి సి.పి.ఎస్. వచ్చింది. జీతం, డి.ఏ.లో 10 శాతం ఉద్యోగిది, 10 శాతం సర్కారుది. పాత పద్ధతిలో ఫలం ఖాయం, దానికి ఎంత పడుతుందో యాజమాన్యం చూసుకోవాలి. కొత్త పద్ధతిలో చందా ఖాయం, ఫలం ఎంతో ఉద్యోగి చూసుకోవాలి. లెక్క వ్రాసేవాడికి ఇది బహు సుఖం: ఆ నెల చందా కట్టేస్తే పద్దు ముగిసిపోతుంది, యాక్చువరీతో పని లేదు. బాకీ ఎక్కడికీ పోలేదు. కంపెనీ పుస్తకంలోంచి ఉద్యోగి ఇంటికి వచ్చింది.

1999కీ 2004కీ మధ్య చేరిన విద్యుత్ ఉద్యోగులు, ప్రభుత్వంలో వారికి 2004 దాకా పాత పెన్షను ఇచ్చి మాకెందుకు అయిదేళ్ళు ముందే కత్తి వేశారని ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. 2023లో రాష్ట్రం హామీ పెన్షను చట్టం చేసింది, 2025 ఏప్రిల్ నుంచి కేంద్రం ఏకీకృత పెన్షను తెచ్చింది. కంపెనీల వాళ్ళ పేరు వాటిలో లేదు.

మా మేనల్లుడు ఒకడు 2001లో కరెంటు కంపెనీలో చేరాడు. 2031లో వాడికి 58 నిండుతాయి. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు పి.ఎఫ్. కాగితాలు నా ముందు పెట్టి, "నీకు లెక్కలొస్తాయి గదా మామా, నాకెంతొస్తాదో సూడు" అన్నాడు. 1995 నాటి ఉద్యోగుల పెన్షను పథకం సూత్రం నాకు తెలుసు: పెన్షనుకు లెక్కించే జీతాన్ని సర్వీసుతో హెచ్చవేసి 70తో భాగించాలి. ఆ జీతానికి 2014 సెప్టెంబరు దాకా 6,500 హద్దు, తర్వాత 15,000 హద్దు. వాడు వాస్తవంగా తీసుకునే జీతంతో దానికి సంబంధం లేదు. రెండు భాగాలుగా కట్టి, ఇరవై ఏళ్ళు దాటిన సర్వీసుకు ఇచ్చే రెండేళ్ళు కలిపి చూస్తే నెలకు అయిదు వేలు అటూయిటూ తేలింది. పి.ఎఫ్. మొత్తం చేతికి వేరే వస్తుంది, అది నిజమే. దాన్ని ఎన్నేళ్ళకు సరిపెట్టుకోవాలో మాత్రం వాడికి ఏ యాక్చువరీ చెప్పడు.

వాడు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. మా ఎదురింట్లో బోర్డు కాలం నాటి లైన్‌మన్ ఒకాయన ఉన్నాడు. బోర్డు చీలకముందే స్తంభాలెక్కినవాడు. ఆయన పెన్షనెంత అని అడిగాడు, చెప్పాను. ఏమీ అనలేదు. ఇంతలో ఫోను మోగింది, పల్లెలో బోర్ల దగ్గర ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిందట. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకొని, పండగ భోజనం సగంలో వదిలి బండెక్కాడు.