2,14,74,83,647

రెండు వందల పద్నాలుగు కోట్ల పైచిలుకు ఉన్న ఈ బేసి సంఖ్య ప్రధాన సంఖ్య. 2ను 31 సార్లు గుణించి ఒకటి తీసేస్తే వస్తుంది కాబట్టి మెర్సెన్ ప్రధాన సంఖ్యల కుటుంబంలోది, వాటిలో ఎనిమిదోది. ఘాతంగా ఉన్న 31 కూడా ఆ కుటుంబానిదే. అందుకే దీన్ని ద్విమెర్సెన్ ప్రధాన సంఖ్య అంటారు. అలాంటివి ఇప్పటికి నాలుగే తెలుసు.

దీని ప్రధానత్వాన్ని 1772లో గణితవేత్త ఆయిలర్ నిరూపించాడు. అప్పటికే ఆయనకు చూపు దాదాపు లేదు! మామూలుగా అయితే 46,340 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడాలి. భాజకం ఏదైనా ఉంటే దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలని ఆయన తేల్చడంతో పని వందలోపు భాగహారాలకు తగ్గింది.

దీన్ని 2 ఘాతం 30తో గుణిస్తే 19 అంకెల పరిపూర్ణ సంఖ్య వస్తుంది. అంతకంటే పెద్దది ఎవరూ కనుక్కోరని 1811లో గణితవేత్త పీటర్ బార్లో రాశాడు. ఆ జోస్యం ఫలించలేదు.

32 బిట్ల కంప్యూటర్ లెక్కల్లో రుణ, ధన సంఖ్యలు రెండూ ఉంటే గరిష్ఠ విలువ ఇదే. 1970 నుంచి సెకన్లను ఇలా లెక్కపెట్టే పాత వ్యవస్థలు 2038 జనవరి 19న, భారత కాలమానం ప్రకారం ఉదయం 8:44:07కు ఈ సంఖ్యను చేరతాయి. మరుసటి సెకనులో 1901కి జారిపోతాయి.