తెరచాప పడవకు పెద్ద మోటారు

తిరువళ్ళూరు జిల్లాకు పడమటి కొసన తిరుత్తణి కొండ, తూర్పు కొసన పులికాట్ సరస్సు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళింది. సరస్సు మాత్రం ఎవరికీ పూర్తిగా దక్కలేదు. ఎక్కువ నీళ్ళు ఆంధ్రలో, దక్షిణపు కొస తమిళనాడులో. మనం ప్రళయకావేరి అంటే వాళ్ళు పళవేర్కాడు అంటారు. కానీ పడవ ముక్కు రెండు భాషల్లోనూ అణియమే, వెనుక కొస అమరమే. పడవకు మోటారు తగిలించిన ఈ కథంతా ఆ అమరం దగ్గరే నడిచింది.

పాత పడవల్లో మోటారుకు చోటే లేదు. కొయ్యనావకు రెండు కొసలూ సూదిగా ఉంటాయి. దుంగలు కలిపి కట్టిన తెప్పకైతే పక్క గోడలే ఉండవు. తమిళంలో దాన్నే కట్టుమరం అంటారు, ఇంగ్లీషు 'కాటమరాన్' అందులోంచి పుట్టిందే. గాలి ఉంటే తెరచాప, లేకపోతే తెడ్డు. సరస్సు సగటు లోతు మీటరు చుట్టుపక్కలే కాబట్టి గెడవేసి నెట్టుకుంటూ పోవచ్చు.

మోటారు పుట్టింది వేరే నీళ్ళలో. 1881లో గుస్తావ్ త్రువే పారిస్‌లో సేన్ నది మీద కరెంటు మోటారును పడవ వెనక తగిలించి నడిపాడు. దాన్ని సరుకుగా మార్చినవాడు నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్. కాబోయే భార్య కోసం తెడ్డేసుకుంటూ ఐస్‌క్రీం తెస్తుంటే దారిలోనే కరిగిపోయిందని, ఆ కసితోనే మోటారు చేశాడని చెబుతారు. 1909లో ఆయన మిల్వాకీలో అమ్మకానికి పెట్టిన మోటారు శక్తి ఒకటిన్నర హెచ్‌పీ, బరువు సుమారు 28 కిలోలు. రెండు మరలు బిగిస్తే పడవ వెనక పలకను పట్టుకునేది. ఆ పలక వాళ్ళ పడవలకు ఉంది, మన నావలకు లేదు.

1980ల్లో కేరళ తీరానికి జపాన్ మోటార్లు వెల్లువలా వచ్చాయి. పెట్రోలుతో స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరసనాయిలుకు మార్చేవారు. ఎనిమిది హెచ్‌పీతో మొదలైనవారు 9.9కి, 15కి, 25కి, చివరికి 40కి వెళ్ళారు. పక్కవాడి మోటారు పెద్దదైతే మనదీ పెద్దది కావాలన్న పందెం అది. తమిళ తీరంలో ఒంటి సిలిండరు డీజిలు ఇంజను ఎక్కువ వాడుకలోకి వచ్చింది. దాని పొడవాటి కడ్డీ కొసన ప్రొపెల్లరు ఉంటుంది. లోతు తగ్గితే కడ్డీని పైకెత్తేయడమే.

మోటారు పెంచితే వేగం పెరుగుతుందా? 1870ల్లోనే విలియం ఫ్రూడ్ ఇంగ్లండులో తొట్టెలో నమూనా పడవలు లాగి దీని గుట్టు పట్టాడు. నీళ్ళను చీల్చుకుంటూ పోయే పడవ తన అలను తానే లేపి, దాని గుంటలోనే చిక్కుకుంటుంది. నీటిని తాకే పొడవు 20 అడుగులుంటే ఆ హద్దు సుమారు 6 నాట్లు, అంటే గంటకు 11 కిలోమీటర్లు. చిన్న మోటారుతోనే ఆ వేగం అందుతుంది. దాని స్థానంలో 70 కిలోలు దాటే 40 హెచ్‌పీ మోటారు బిగించారనుకోండి. అమరం కుంగుతుంది, అణియం లేస్తుంది, చుక్కాని దగ్గర కూర్చున్నవాడికి ఎదురేముందో కనబడదు. అల మీద పడవ ఊగినప్పుడు ప్రొపెల్లరు గాల్లోకి లేచి కీచుమంటుంది. ఆయిలు మాత్రం మండుతూనే ఉంటుంది.

చివరికి లొంగింది మోటారు కాదు, పడవ. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) వారి బంగాళాఖాత కార్యక్రమం ఇసుక మీదికి లాగగలిగే కొత్త పడవలను, పైకెత్తే ప్రొపెల్లరును పరీక్షించింది. తర్వాత ఫైబరు పడవలొచ్చాయి. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత సాయంగా అవి కుప్పలుతెప్పలుగా దిగాయి. తెరచాప ఎక్కడో చుట్టి మూలన పెట్టారు.

ఇంకా తెరచాప పడవ ఉన్నవారికి ఒక మాట. హెచ్‌పీ అంకె చూసి మోటారు కొనకండి. ముందు అమరం బలం చూడండి. పలక ఎత్తు కొలిచి, 15 అంగుళాల కడ్డీ చాలుతుందో, 20 అంగుళాలది కావాలో తేల్చుకోండి. బరువైన, నెమ్మది పడవకు పెద్ద రెక్కలతో మెల్లగా తిరిగే ప్రొపెల్లరే మేలు. పడవ మోయలేని శక్తికి ఖర్చు మీది, లాభం ఆయిలు అమ్మేవాడిది.