మామిడితోట కాదు బాస్, జనం తోట

బషీర్‌బాగ్, జాంబాగ్, బాగ్‌లింగంపల్లి... హైదరాబాద్‌లో చాలా తోటలు ఇప్పుడు బస్సు బోర్డుల మీదే ఉన్నాయి. నిజంగా మిగిలిన ఒక తోటకి మొన్న ఆదివారం వెళ్లా. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్. పాత పేరు బాగ్-ఎ-ఆమ్. బీటెక్ రోజుల్లో నేను మామిడితోట అనుకునేవాణ్ని, నవ్వకండి! ఈ 'ఆమ్' దివాన్-ఎ-ఆమ్‌లో ఉండేది. అంటే సామాన్య జనం.

లోపల మ్యూజియం ఉంది, అందులో ఈజిప్ట్ మమ్మీ కూడా ఉంది. అది ఇంకో ఎపిసోడ్‌లో. నన్ను ఆపేసింది మాత్రం పక్కనే ఉన్న తెల్లటి పాత అసెంబ్లీ బిల్డింగ్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా 1905లో పునాది వేశారు, 1913కి పూర్తయింది. అప్పుడు దాని పేరు టౌన్ హాల్. కట్టింది జనం ఇచ్చిన చందాలతో. జనం తోటలో, జనం డబ్బుతో!

ఇప్పుడు పాస్ లేకపోతే లోపలికి పోలేం. పబ్లిక్ ఫోల్డర్‌ని ఎవరో ప్రైవేట్ చేసేసినట్టుంది. సెక్యూరిటీ కావాలి, ఒప్పుకుంటా. కానీ కడుపు మండింది.

కంచె దగ్గర ఒక తాత మనవణ్ని ఎత్తుకుని ఆ గుమ్మటాలు చూపిస్తున్నాడు. నేనూ అక్కణ్నుంచే షూట్ చేశా. మీరిప్పుడు చూస్తున్న షాట్ అదే.